దుబాయ్ కాగితం చదవలేని అంతర్జాతీయ చదువు

ఏటా డిగ్రీ ఫలితాలు రాగానే నాకు ఒకే రకం మెసేజీలు వస్తుంటాయి. "అక్కా, ఎమ్మే ఇంటర్నేషనల్ రిలేషన్స్ చేద్దామనుకుంటున్నా. చదవచ్చా? స్కోప్ ఉందా?" స్కోప్ సంగతి నాకు తెలియదు. చదవచ్చా అన్నదానికి మాత్రం నా దగ్గర జవాబుంది, కానీ అది మెసేజీలో ఇమిడేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇకమీద ఎవరడిగినా ఈ లింకు పంపేస్తాను.

2016 డిసెంబరు. మూడో సెమిస్టరు పరీక్షలు రాసి ఊరికొచ్చాను. మాది కోరుట్ల దగ్గర పల్లె. జగిత్యాల జిల్లా అయ్యి అప్పటికి రెండు నెలలు. నోట్ల రద్దు రోజులు కాబట్టి ఊళ్లో సగం మంది బ్యాంకు ముందు లైన్లోనే ఉండేవాళ్లు. ఆ లైన్లోంచే వచ్చింది మా చిన్నవ్వ, సౌదీలో పని చేస్తున్న మా అన్న వాళ్లమ్మ. వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది.

"బిడ్డా, నువ్వు దేశాల సదువే గద సదువుతున్నవ్. అన్న పంపిండు. గిదేందో సదివి చెప్పు."

వాట్సాప్‌లో ఒక ఫొటో. సౌదీ కార్మిక శాఖ వెబ్‌సైటు పేజీని ఎవరో ఫోన్‌తో తీసి పంపారు. పేజీ మొత్తం అరబీ. అందులో నేను చదవగలిగింది అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే గుర్తింపు కార్డు) నంబరు ఒక్కటే, అది అంకెల్లో ఉంది కాబట్టి. ఆ సెమిస్టరులోనే 'హెజెమోనిక్ స్టెబిలిటీ' (ఒక్క బలమైన దేశం పెత్తనం ఉంటేనే లోకం నిలకడగా ఉంటుందనే సిద్ధాంతం) మీద ముప్పై పేజీల పేపరు రాసి మంచి గ్రేడు తెచ్చుకున్నాను. అందులో సౌదీ అరేబియా గురించి రెండు పేజీలున్నాయి కూడా: చమురు, డాలరు, అమెరికా రక్షణ. ఆ దేశం మా అన్న గురించి రాసిన ఒక్క వాక్యం మాత్రం చదవలేకపోయాను.

చివరికి బాపు బండి తీసి మమ్మల్ని కోరుట్లలో మసీదు దగ్గర మౌల్వీ సాబ్ ఇంటికి తీసుకుపోయాడు. ఆయన అద్దాలు సర్దుకుని, వేలితో కుడి నుంచి ఎడమకు జరుపుతూ చదివాడు. "ముతగయ్యిబ్ అనిల్ అమల్. పని నుంచి గాయబ్ అయిండని రాసిండ్రమ్మా."

బాపు సౌదీలో పదకొండేళ్లు చేసి వచ్చినవాడు. ఆయనకు అంత వివరం అక్కర్లేకపోయింది. "హురూబ్ పెట్టిండన్నట్టు కఫీల్," అన్నాడు. చిన్నవ్వ అక్కడే కూలబడింది. హురూబ్ అంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఆ గదిలో తెలియంది నాకొక్కదానికే.

తెలియనివాళ్ల కోసం అప్పటి పద్ధతి చెప్తాను. కఫీల్ అంటే పూచీదారు, పనికి పిలిపించుకున్న యజమాని. కార్మికుడు పనిలోంచి పారిపోయాడని అతను ఫిర్యాదు పెడితే దాన్ని హురూబ్ అంటారు. ఆ క్షణం నుంచి ఆ మనిషి అకామా చెల్లదు. ఇంకోచోట పని చేయడం నేరం. దొరికితే జైలు. ఇంటికి పోదామంటే ఖురూజ్, అంటే దేశం దాటే అనుమతి, రాదు. జీతం అడిగినందుకు కోపమొచ్చి పెట్టినా హురూబే, నిజంగా పారిపోతే పెట్టినా హురూబే. మా ఊళ్లలో దీనికి వేరే పేరుంది: ఖల్లివల్లి. అరబీలో ఆ మాటకు 'పోనీలే, వదిలెయ్' అని అర్థం. మావాళ్లు దాన్ని కాగితాల్లేని మనిషికి పేరుగా మార్చేశారు. "వాడు ఖల్లివల్లి అయిండు" అంటే ఇంకేమీ చెప్పక్కర్లేదు.

నా వాదన ఇక్కడే మొదలవుతుంది. మాకు మొదటి వారంలో నేర్పిన పాఠం సార్వభౌమత్వం. 1648, యూరప్‌లో వెస్ట్‌ఫాలియా సంధి. సరిహద్దు లోపలికి ఎవరు రావాలో, బయటికి ఎవరు పోవాలో నిర్ణయించే అధికారం రాజ్యానిదే. మంచిది. మరి సౌదీలో మా అన్న బయటికి రావచ్చా లేదా అని నిర్ణయించింది ఎవరు? రియాద్ శివార్లో ఏసీ డక్టుల వర్క్‌షాపు నడుపుకునే ఒక మనిషి. రాజ్యం తన సరిహద్దు అధికారంలో ఒక ముక్కను కోసి ఆ మనిషి జేబులో పెట్టింది. ఇంతకంటే పెద్ద సిద్ధాంత ప్రశ్న ఏముంటుంది? సార్వభౌమత్వాన్ని ప్రైవేటు మనిషికి అద్దెకివ్వచ్చా? ఇస్తే, పక్క దేశపు పౌరుడి తరఫున ఎంబసీ ఎవరితో మాట్లాడాలి, రాజ్యంతోనా, వర్క్‌షాపు యజమానితోనా?

నాలుగో సెమిస్టరులో ఒక సెమినార్లో ఈ మాటే అన్నాను. మా సారు ఓపిగ్గా విని, నవ్వి, "అది కార్మిక శాఖ చూసుకునే విషయం, మన సబ్జెక్టు కాదు" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఏ విశ్వవిద్యాలయమో ఎవరో చెప్పను, చెప్పాల్సిన పనీ లేదు, ఎందుకంటే ఆ జవాబు ఏ ఒక్క మనిషిదీ కాదు. మా సబ్జెక్టుది.

ఈ సబ్జెక్టుకు పుట్టిన ఊరు, తేదీ ఉన్నాయి. 1919లో, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, వేల్స్‌లో అబరిస్ట్‌విత్ అనే చిన్న సముద్రతీర పట్నంలోని కాలేజీలో ప్రపంచంలోనే మొట్టమొదటి అంతర్జాతీయ రాజకీయాల ఆచార్య పీఠం పెట్టారు. డబ్బిచ్చింది డేవిడ్ డేవిస్ కుటుంబం, అది బొగ్గు గనుల మీద వచ్చిన సంపద. యుద్ధంలో పోయిన విద్యార్థుల జ్ఞాపకంగా ఇచ్చారు. పీఠానికి అమెరికా అధ్యక్షుడు విల్సన్ పేరు పెట్టారు. ఇలాంటి యుద్ధం మళ్లీ రాకుండా ఏం చేయాలి అన్నది వాళ్ల ప్రశ్న.

దీన్ని ఎగతాళి చేయడానికి చెప్పడం లేదు. నాకు ఆ పుట్టుక కథ ఇష్టం. ఆ ఊరి పిల్లలు కందకాల్లో చచ్చిపోయారు. ఎందుకు చచ్చిపోయారో చదువుకోవాలనుకున్నారు. వాళ్లు తమ ఇంటి గాయం నుంచి మొదలుపెట్టారు. నా ఫిర్యాదల్లా మనం కూడా వాళ్ల ఇంటి గాయం నుంచే మొదలుపెడుతున్నామని.

మన దేశంలో మొదట్లో ఇలా లేదు. 1955లో ఢిల్లీలో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ పెట్టారు, దాని తొలి డైరెక్టర్ ఎ. అప్పాదురై. ఆసియా, ఆఫ్రికా దేశాల బండుంగ్ సమావేశం జరిగిన ఏడాది అది. 1970లో దాన్ని జేఎన్‌యూలో కలిపారు. అక్కడి విభాగాల పేర్లు చూడండి: పశ్చిమాసియా, ఆఫ్రికా, రష్యా–మధ్య ఆసియా, తూర్పు ఆసియా, దక్షిణాసియా. లోకాన్ని సిద్ధాంతాల ప్రకారం కంటే ఎక్కువగా ప్రాంతాల ప్రకారం పంచుకున్నారు. అదే క్యాంపస్‌లో విదేశీ భాషలకు వేరే స్కూలు ఉంది. ఒక ప్రాంతాన్ని, దాని భాషను, దాని బజారును తెలుసుకుని అప్పుడు మాట్లాడాలన్న ఆలోచన ఆ ఏర్పాటులోనే కనబడుతుంది. ఇప్పుడు కొత్తగా పుట్టుకొస్తున్న ఐఆర్ (ఇంటర్నేషనల్ రిలేషన్స్) కోర్సుల్లో ఆ ఆలోచన పలచబడిపోయింది. సిద్ధాంతాలు, భద్రత, 'ఇండో–పసిఫిక్', మళ్లీ సిద్ధాంతాలు. భాష ఉంటే ఉంటుంది, ఐచ్ఛికంగా, రెండు క్రెడిట్లకు, శనివారం మధ్యాహ్నం.

హైదరాబాద్ సంగతి ఇంకా విచిత్రం. 1964లో ఉస్మానియా క్యాంపస్‌లో అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ మొదలైంది. దేశం నలుమూలల నుంచి పరిశోధకులు దాని లైబ్రరీ కోసం వచ్చి, రోజుల తరబడి ఉండి చదువుకుపోయేవాళ్లు. మంచి లైబ్రరీ, ఏ వంకా లేదు. ఇంకో తొమ్మిదేళ్లకు, 1973లో, చమురు ధర ఎగిసింది. గల్ఫ్ దేశాల్లో రోడ్లు, రేవులు, భవనాలు లేవడం మొదలైంది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి మగవాళ్లు బొంబాయి దాకా రైలెక్కి, అక్కడ ఏజెంట్ల గదుల్లో నెలలు గడిపి, విమానం ఎక్కడం మొదలుపెట్టారు. అదే క్యాంపస్‌లో 1888 నాటి దాయిరతుల్ మారిఫ్ ఉంది. పాత అరబీ రాతప్రతులను పరిష్కరించి అచ్చేసే సంస్థ, అరబ్ దేశాల పండితులకు దాని పేరు తెలుసు. నగరానికి దక్షిణాన బార్కస్ ఉంది. నిజాం సైన్యంలోకి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ల సంతతి అక్కడే ఉంటుంది, బ్యారక్స్ అనే మాటే బార్కస్ అయింది. ఇప్పుడు ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) అయిన సంస్థ 1958 నుంచి ఉంది, అక్కడా అరబీ విభాగం ఉంది. అంటే అరబీ పండితులు, అరబీ పుస్తకాలు, అరబ్బు సంతతి, గల్ఫ్‌కు పోయే లక్షల మంది, నలుగురూ ఒకే నగరం చుట్టూ ఉన్నారు. ఈ నలుగురినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఒక ఎమ్మే కోర్సు తయారు చేయాలని యాభై ఏళ్లలో ఎవరికీ తోచలేదు. మన పిల్లలకు అంతర్జాతీయం అంటే అట్లాంటిక్ అవతలే మొదలైంది.

గల్ఫ్‌ను కార్మికుల కష్టాల కథగా మాత్రమే చూడమని కాదు నేననేది. అది అసలు చరిత్ర. 1947 దాకా గల్ఫ్ షేక్‌డమ్‌ల వ్యవహారాలు బ్రిటిష్ ఇండియా ప్రభుత్వమే చూసేది. అక్కడి బజార్లలో మన రూపాయే చెల్లేది. ఆ రూపాయల ముసుగులో బంగారం దొంగరవాణా పెరిగిందని 1959లో రిజర్వ్ బ్యాంకు ప్రత్యేకంగా 'గల్ఫ్ రూపాయి' నోట్లు అచ్చేసింది. కువైట్ 1961లో సొంత దీనారు తెచ్చుకుంది, ఖతార్, దుబాయ్ 1966 దాకా రూపాయితోనే నడిచాయి. కఫాలా పద్ధతి, అంటే కఫీల్ పూచీ మీదే అంతా నడిచే ఏర్పాటు కూడా ఇస్లాంలోంచి యథాతథంగా ఊడిపడలేదని, ముత్యాల వేటకు వచ్చే పరదేశీ కూలీలను అదుపులో ఉంచడానికి బహ్రెయిన్‌లో బ్రిటిష్ అధికారులు పెట్టిన నిబంధనల్లో దాని వేర్లు ఉన్నాయని వాదించే చరిత్రకారులున్నారు. అంటే మా చిన్నవ్వ ఫోన్లోని ఆ ఫొటో వెనక ఒక సామ్రాజ్యం ఉంది, ఒక కరెన్సీ ఉంది, ఒక చమురు సంక్షోభం ఉంది. ఇవన్నీ నాకు కోర్సు అయిపోయాక, సొంతంగా వెతుక్కుని చదివితే తెలిసినవి.

మన ప్రభుత్వం వైపు చూసినా అంతే. 1983 వలసల చట్టం కింద పదో తరగతి పాసుకాని మనిషి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) ముద్ర పడుతుంది. ఒక పద్దెనిమిది దేశాలకు పనికి పోవాలంటే అతను ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే ప్రభుత్వ అధికారి అనుమతి తెచ్చుకోవాలి. ఇంటి పనికి పోయే ఆడవాళ్లకు ముప్పై ఏళ్లు నిండాలి. కువైట్ పోయే రాయచోటి, రాజంపేట, కోనసీమ ఆడవాళ్లకు ఈ నిబంధన నోటికి వచ్చు, దాన్ని తప్పించుకునే దారీ వచ్చు. విజిట్ వీసా మీద పంపి ఎయిర్‌పోర్టులో 'పుషింగ్' చేయించే, అంటే తనిఖీ అధికారులను మచ్చిక చేసుకుని దాటించే ఏజెంటు రేటూ తెలుసు. లెక్కల పరీక్షలో ఐదు మార్కులు తక్కువైనందుకు విదేశాంగ విధానంలో వేరే రకం పౌరుడైపోవడం అంతర్జాతీయ వ్యవహారం కాకపోతే మరేమిటి?

2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్ దేశాలకు పోయే మన కార్మికుల కనీస రెఫరల్ వేతనాలను (ఇంతకంటే తక్కువకు పంపమని మన ప్రభుత్వం గీసిన గీత) 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. కరోనాలో మనవాళ్ల ఉద్యోగాలు నిలబడాలంటే తగ్గక తప్పదన్నది దాని తర్కం. దాని మీద తెలంగాణ హైకోర్టులో పిల్ పడింది. 2021లో ప్రభుత్వం పాత వేతనాలనే మళ్లీ తెచ్చింది. బేరసారాల శక్తి, పోటీ దేశాలు, దేశీయ ఒత్తిడి, అన్నీ ఉన్న బంగారం లాంటి కేస్ స్టడీ ఇది. క్యూబా క్షిపణుల సంక్షోభం మీద నేను మూడు సార్లు ప్రెజెంటేషన్ ఇచ్చాను. దీని మీద ఒక్క క్లాసు కూడా వినలేదు.

ఇక్కడ నా స్నేహితురాలు ఒకామె అడ్డుపడుతుంది. ఇప్పుడు బెంగుళూరులో ఒక థింక్ ట్యాంకులో పని చేస్తోంది. ఈ విషయం మీద మేం ఎనిమిదేళ్లుగా పోట్లాడుకుంటున్నాం. "సిద్ధాంతం లేకుండా ప్రాంతం మాత్రమే చదివితే నువ్వు గెజిటీర్ రాసే కలెక్టరు గుమాస్తావవుతావ్. ఎంబసీ మీ అన్న కోసం ఎందుకు గట్టిగా మాట్లాడదో నీకు చెప్పింది సిద్ధాంతమే కదా?" అంటుంది. నిజమే, ఒప్పుకుంటాను. చమురు కొనేవాడు అమ్మేవాడితో ఏ గొంతుతో మాట్లాడతాడో, కార్మికులను పంపే దేశాలు ఒకదాన్ని చూసి ఒకటి వేతనాలు ఎందుకు తగ్గించుకుంటాయో చూపించింది ఆ పుస్తకాలే. రియలిజం (దేశాలు తమ బలాన్ని, లాభాన్ని బట్టే నడుస్తాయనే సిద్ధాంతం) చదవకపోతే నేను ఎంబసీ గుమాస్తాను తిట్టుకుంటూ ఉండిపోయేదాన్ని. నేను సిద్ధాంతాన్ని తీసేయమనడం లేదు. వరస మార్చమంటున్నాను. ముందు ఒక చోటు, ఒక భాష. ఆ తర్వాత వెస్ట్‌ఫాలియా.

ఆమె రెండో వాదన గట్టిది: భాష నేర్చుకోవడానికి ఐదేళ్లు పడుతుంది, ఎమ్మే రెండేళ్లు. దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. ఐఎఫ్ఎస్‌కు (విదేశాంగ సర్వీసుకు) ఎంపికైన ప్రతి అధికారికీ ఒక విదేశీ భాష తప్పనిసరిగా కేటాయిస్తారు, ఆ భాష మాట్లాడే చోటికి పంపి నేర్పిస్తారు, పరీక్ష పెడతారు. అంటే ఈ చదువుకు పై మెట్టు అనుకునే చోట భాష లేకుండా పని జరగదని ప్రభుత్వానికి తెలుసు. విశ్వవిద్యాలయాలకే తెలియదు. మా పాత కరీంనగర్ జిల్లావాడే, వంగర పీవీ నరసింహారావు, 1980లో విదేశాంగ మంత్రి అయ్యాడు. ఆయన స్పానిష్ నేర్చుకుని మాట్లాడేవాడని ఢిల్లీలో అందరూ కథలుగా చెప్పారు. కానీ కథలు చెప్పినవాళ్లెవరూ ఆ పని చేయమని మాతో అనలేదు.

అన్నట్టు, మా క్లాసులో సగానికి పైగా సివిల్స్‌కు హాస్టల్ గది కోసం చేరినవాళ్లే. వాళ్లను తప్పుపట్టను. మొదట్లో నేనూ అందులోదాన్నే. ప్రిలిమ్స్ రెండుసార్లు పోయాక మానుకున్నాను.

అరబీ నేర్చుకోవడం 2018లో మొదలుపెట్టాను. ఇఫ్లూలో ఒక పార్ట్‌టైమ్ కోర్సు, సెలవులకు ఊరికెళ్తే మౌల్వీ సాబ్. గొంతు లోపలి నుంచి పలికే 'ఐన్' అక్షరం దగ్గర ఆయన నన్ను ఇప్పటికీ ఆపుతాడు. కానీ ఒక ఆశ్చర్యం మొదటి నెలలోనే ఎదురైంది. సగం మాటలు నాకు ముందే తెలుసు. ముతగయ్యిబ్‌లో ఉన్నది మన గాయబే. ఖురూజ్, కోర్టులో దావా ఖారిజవడం, రెండూ ఒక్క ధాతువే. ఆమిల్ అంటే పనివాడు, మన అమలు దాని చుట్టమే. హాజరు, దాఖలు, వకీలు, అసలు, జమ, మాజీ, ఇవన్నీ ఏ దారిన వచ్చాయో ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే తెలిసింది. తెలంగాణ పల్లెలో పుట్టినవాళ్లకు అరబీ పూర్తిగా పరాయి భాష కాదు. ఇంట్లో పెరిగినవాళ్లకు ఇంటి అటక మీది పెట్టె దూరం, అంతే. ఆ పెట్టె దించమని మాకు ఎవరూ చెప్పలేదు.

మా అన్న కథ చెప్పాలి కదా. 2017 మార్చిలో సౌదీ ప్రభుత్వం కాగితాల్లేనివాళ్లకు క్షమాభిక్ష ప్రకటించింది. ఎంబసీ ముందు క్యూలో నిలబడి ఔట్‌పాస్ (ఇంటికి పోవడానికి ఎంబసీ ఇచ్చే కాగితం) తీసుకుని ఆ ఎండాకాలమే ఇంటికొచ్చాడు. రావాల్సిన ఏడు నెలల జీతం ఇప్పటికీ రాలేదు. 2021లో సౌదీ చట్టం కొంత సడలింది, యజమాని ఒప్పుకోకపోయినా దేశం దాటే వీలు కల్పించారు. అయితే ఇంటి పనివాళ్లకు, ఇంటి డ్రైవర్లకు, గొర్రెలు కాసేవాళ్లకు, తోటమాలులకు అది వర్తించలేదు. మా మండలం నుంచి పోయేవాళ్లలో ఆ నాలుగు రకాలూ ఎక్కువే.

పోయిన ఏడాది అన్న మళ్లీ బయలుదేరాడు. ఈసారి మస్కట్. ఇక్కడ కౌలు పొలంలో రెండు బోర్లు ఎండిపోయాయి, కూతురు ఇంటర్‌కు వచ్చింది. ఏజెంటు ఇచ్చిన ఒప్పందం కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు అరబీ. ఇంగ్లీషులో 'ఎలక్ట్రీషియన్' అని ఉంది. అన్నకు ఐటీఐ సర్టిఫికెట్ ఉంది. నేను కుడివైపు చదివాను. మెల్లగా, వేలు పెట్టి, మౌల్వీ సాబ్ లాగే. 'ఆమిల్ ఆదీ' అని ఉంది. మామూలు కూలీ. రేపు ఏ తగాదా వచ్చినా అక్కడి అధికారులు చూసేది ఈ అరబీ సగాన్నే.

"అన్నా, నీకు ఎలక్ట్రీషియన్ అని చెప్పిండు గానీ గిందుల కూలీ అని రాసిండు," అన్నాను. ఎనిమిదేళ్ల కింద చదవలేకపోయిన చదువును ఇన్నాళ్లకు చదివానన్న గర్వం కొంచెం నా గొంతులో ఉండే ఉంటుంది.

అన్న కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో పెట్టుకున్నాడు.

"నాకు తెల్వదానే చెల్లె? అందరికీ గట్లనే రాస్తరు. ఫ్లైటు బుధవారం."